ట్రిగ్గర్ మార్పించాక పిస్టల్ నిజంగా బాగుపడిందా? ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి

మా నెల్లూరు వైపు ఎయిర్ పిస్టల్ కుర్రాళ్ల దగ్గర తరచుగా వినపడే మాట ఒకటుంది. "ట్రిగ్గర్ మార్పించానన్నా, ఇప్పుడు వెన్నలా ఉంది." సరే, వెన్నలానే ఉందనుకుందాం. స్కోరు పెరిగిందా అని అడిగితే "మొన్న 562 కొట్టాను" అంటారు. అంతకు ముందు ఎంత అంటే 556 (60 షాట్లకు, 600కి). ఆ ఆరు పాయింట్లు ట్రిగ్గర్‌ వల్ల వచ్చాయా, ఆ రోజు నిద్ర బాగా పట్టడం వల్లా, కొత్త వస్తువు చేతికొచ్చిన హుషారు వల్లా అంటే మాత్రం జవాబు ఉండదు.

పైగా ఇది కంపెనీవాళ్లే ఇచ్చే అప్‌గ్రేడ్. పక్క వీధి మెకానిక్ పని కాదు కాబట్టి బాగానే ఉంటుందని ముందే నమ్మేస్తాం. వేలకు వేలు పోసి వేయించుకున్నాక తేడా ఏమీ లేదని ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే. అందుకే వేలిని అడిగి తేల్చే పని కాదిది. పిస్టల్‌ను విడిగా కొలవాలి, మనిషిని విడిగా చూడాలి, ఆ తర్వాతే రెండూ కలిసిన స్కోరు దగ్గరికి రావాలి. చాలామంది తలకిందులుగా, స్కోరు నుంచి మొదలుపెడతారు.

కావలసిన సామాను పెద్దగా లేదు. వంటింటి డిజిటల్ కాటా, లీటరు ప్లాస్టిక్ బాటిల్, ఒక సైకిల్ పుల్ల, నోటు పుస్తకం, స్లో మోషన్ వీడియో తీసే ఫోన్, ఓపికున్న స్నేహితుడు ఒకరు. ఆఖరిది దొరకడమే కష్టం.

ఏ పిస్టల్ గురించి ఇది

ఇక్కడ చెప్పేదంతా 10 మీటర్ల పోటీల్లో వాడే 4.5 మి.మీ. ఎయిర్ పిస్టల్ గురించి. మన దేశంలో 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం బోరు 4.5 మి.మీ. దాటకుండా, శక్తి 20 జూల్స్ లోపు ఉంటే దీనికి లైసెన్స్ అక్కర్లేదు. పోటీ పిస్టల్ శక్తి అందులో మూడో వంతు కూడా ఉండదు. అర గ్రాము పెల్లెట్ సెకనుకు 150 మీటర్ల వేగంతో పోతే ఐదారు జూల్సే.

రొయ్యల చెరువుల దగ్గరో, గ్రానైట్ క్వారీల దగ్గరో ఆత్మరక్షణ కోసం లైసెన్స్ మీద .32 పిస్టల్ ఉంచుకున్న ఆసాములు కూడా ఈ మధ్య "దీని ట్రిగ్గర్ కూడా తేలిక చేయించొచ్చా?" అని అడుగుతున్నారు. వాళ్లకు నా జవాబు ఒక్కటే. అది విప్పొద్దు, ఎవరి చేతా విప్పించొద్దు. 1959 ఆయుధాల చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం తుపాకీ రిపేరు చేయడానికే కాదు, పరీక్షించడానికి కూడా లైసెన్స్ ఉండాలి. పనేదైనా ఉంటే లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరే. నడుముకు పెట్టుకుని తిరిగే పిస్టల్‌కు తేలిక ట్రిగ్గర్ సుగుణం కానే కాదు. కంగారులో ఉన్న వేలికి ఆ బరువే కాపలా.

పాత ట్రిగ్గర్ ఉండగానే కొలతలు తీసుకోండి

కొత్తది బిగించాక పాతది ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుని పోల్చడం పనికిరాదు. పాత దాని గురించి మనకు గుర్తుండేవి దాని మీద విసుక్కున్న రోజులే. కాబట్టి పార్సెల్ రాకముందే, పిస్టల్‌ను సర్వీసుకు పంపకముందే, కింద చెప్పిన పరీక్షలన్నీ పాత ట్రిగ్గర్ మీద ఒక విడత చేసి రాసిపెట్టుకోండి. పార్సెల్ వచ్చే రోజున ఇంట్లో ఎంత తొందర ఉంటుందో నాకు తెలుసు. అయినా సరే ఈ పని మానకండి.

అప్పటికే మార్పించేసి ఉంటే ఒక దారి ఉంది. మీ రేంజ్‌లో అదే మోడల్ పిస్టల్ పాత ట్రిగ్గర్‌తో వాడుతున్నవాళ్లను వెతకండి. వాళ్ల పిస్టల్‌నే "పాతది" అనుకుని కొలవండి. రెండు పిస్టళ్లూ అచ్చంగా ఒకేలా ఉండవు కానీ, జ్ఞాపకం కంటే ఇది ఎంతో నయం.

ముందు నాలుగు సంగతులు రాసుకోవాలి: ఫస్ట్ స్టేజ్ (లాగగానే తేలికగా జరిగే మొదటి దశ) ఎంత దూరం కదులుతోంది, సెకండ్ స్టేజ్ (గోడలా తగిలి, ఇంకాస్త లాగితే విడుదలయ్యే దశ) దగ్గర ఎక్కడ ఆగుతోంది, ట్రిగ్గర్ బ్లేడ్ (వేలు ఆనే భాగం) గ్రిప్ నుంచి ఎంత దూరంలో ఉంది, ఏ స్క్రూ ఎన్ని చుట్లు తిరిగి ఉంది. ఫొటో తీస్తే ఇంకా మంచిది.

బరువు కొలవడం

10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కు ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) నిబంధన ప్రకారం ట్రిగ్గర్ బరువు కనీసం 500 గ్రాములు. 25 మీటర్ల పిస్టల్‌కైతే 1000 గ్రాములు. ఈ ఒక్క నిబంధనతోనే సగం ప్రచారం తేలిపోతుంది. 500 కంటే కిందకు పోవడానికి ఎలాగూ లేదు కాబట్టి "తేలికైంది" అన్నది ఎయిర్ పిస్టల్‌లో అప్‌గ్రేడ్‌కు గుర్తు కాదు. పాత ట్రిగ్గర్‌ను కూడా స్క్రూ తిప్పి 500 దగ్గరికి తేవచ్చు. కొత్తది మెరుగ్గా ఉండాల్సింది ఇంకో విషయంలో. ప్రతిసారీ ఒకే బరువు దగ్గర విడుదల కావాలి.

దాన్ని కొలిచే పద్ధతి చూద్దాం. సైకిల్ పుల్లను ఒక చివర కొక్కెంలా వంచి, రెండో చివర బాటిల్ మెడకు గట్టిగా కట్టండి. కొక్కెం, బాటిల్, మూత, లోపలి నీళ్లు అన్నీ కలిపి కాటా మీద 480 గ్రాములు వచ్చేలా పోయండి. నీళ్లతో సుఖం ఏమిటంటే ఒక మిల్లీలీటరు ఒక గ్రాము. మందుల షాపులో దొరికే సిరంజితో పదేసి గ్రాములు పెంచుకోవచ్చు. మీ కాటా మీద అనుమానం ఉంటే, చిన్నబజారులో తెలిసిన బంగారం కొట్టు ఉంటే బాటిల్‌ను ఒకసారి వాళ్ల కాటా మీద పెట్టి చూడండి. అంతకంటే నమ్మకమైన కాటా ఊళ్లో దొరకదు.

ఇప్పుడు పిస్టల్. బ్రీచ్ (పెల్లెట్ పెట్టే చోటు) తెరిచి గొట్టం ఖాళీగా ఉందని కళ్లతో చూడండి, పక్కవాళ్లకూ చూపించండి. పెల్లెట్ల డబ్బాను ఆ గదిలోంచే తీసేయండి. గొట్టం మూతి ఉన్న వైపు మనుషులు ఉండకూడదు. మేడ కింద గదిలో చేస్తుంటే పైన ఎవరూ లేరని చూసుకోండి. పోటీలో పరీక్షించేటప్పుడు ఎయిర్ పిస్టల్‌ను గాలి విడుదలకు సిద్ధంగా కాక్ చేసే చూస్తారు కాబట్టి మీరూ అలాగే కాక్ చేయండి. బాటిల్ బల్ల మీద ఉండాలి. పిస్టల్ గొట్టం నిలువుగా పైకి ఉండాలి. కొక్కెం ట్రిగ్గర్ బ్లేడ్ మధ్యకు తగిలించి, బాటిల్ బల్లను వదిలేదాకా మెల్లగా ఎత్తండి. కుదిపితే లెక్క చెడుతుంది.

480 దగ్గర పదిసార్లు ఎత్తండి. ట్రిగ్గర్ ఎన్నిసార్లు విడుదలైందో రాయండి. తర్వాత 490, 500, 510, ఇలా పదికి పదిసార్లూ విడుదలయ్యే బరువు వచ్చేదాకా పోండి. ఉదాహరణకు పాత ట్రిగ్గర్ 500 దగ్గర ఒక్కసారీ విడుదల కాలేదు, 510 దగ్గర రెండుసార్లు, 530 దగ్గర ఆరుసార్లు, 560 దగ్గర పదికి పది అయింది అనుకోండి. అంటే "ఎప్పుడూ కాదు" నుంచి "ఎప్పుడూ అవుతుంది" దాకా 60 గ్రాముల వెడల్పు. కొత్త ట్రిగ్గర్‌కు ఇదే వెడల్పు 20 గ్రాములైతే కంపెనీ మీ డబ్బుకు ఏదో ఇచ్చినట్టే. వెడల్పు అంతే ఉంటే, లోపల ఎంత మెరిసే భాగాలు వేసినా, ఈ లెక్కలో పైసా కలిసిరానట్టే.

ఈ వెడల్పు ఎందుకంత ముఖ్యం? ట్రిగ్గర్ ఏ బరువు దగ్గర విడుదలవుతుందో వేలికి నమ్మకం కుదిరితే షూటర్ చూపు సైట్ల (గురి చూసే గుర్తుల) మీద ఉంటుంది. ఒకసారి 510కి, ఇంకోసారి 550కి విడుదలైతే, ఆ 550 సారి వేలు "ఇంకా కాలేదేంటి" అని కొంచెం గట్టిగా లాగుతుంది. పది పడాల్సిన చోట ఎనిమిదులు పుట్టేది అక్కడే.

ఇంకో మాట. ట్రిగ్గర్‌ను సరిగ్గా 500 దగ్గర పెట్టుకుని పోటీకి వెళ్లకండి. 510, 520 మధ్య ఉంచండి. మన ఇంటి కాటాకూ, పోటీ పెట్టే చోట ఉన్న తూకం గుండుకూ మూడు గ్రాముల తేడా ఉన్నా పరీక్షలో తప్పేది మనమే.

రెండూ ఒకే సెట్టింగ్‌లో ఉండాలి

కొత్త ట్రిగ్గర్ ఫ్యాక్టరీ నుంచి దాని సొంత సెట్టింగులతో వస్తుంది. దాన్ని అలాగే బిగించి, మీరు ఏళ్ల తరబడి మీ వేలికి సరిచేసుకున్న పాత దానితో పోల్చితే మీరు పోలుస్తున్నది ట్రిగ్గర్లను కాదు, సెట్టింగులను. కొన్నిసార్లు కొత్తది "అద్భుతం" అనిపించడానికి కారణం పాతదాన్ని ఎవరూ ఎప్పుడూ సరిగ్గా సెట్ చేయకపోవడమే. అలాంటప్పుడు అదే మెరుగుదల ఒక అలెన్ కీతో, పైసా ఖర్చు లేకుండా వచ్చి ఉండేది.

కాబట్టి మొత్తం బరువు, ఫస్ట్ స్టేజ్‌కు ఎంత, సెకండ్ స్టేజ్‌కు ఎంత, బ్లేడ్ దూరం, ఇవన్నీ పాతవాటికి దగ్గరగా తేవాలి. చాలామంది మొత్తంలో మూడొంతులు ఫస్ట్ స్టేజ్‌కు, మిగిలింది సెకండ్ స్టేజ్‌కు ఉంచుకుంటారు. మీ పద్ధతి ఏదైనా రెండింటికీ అదే ఉండాలి. గ్రిప్, పెల్లెట్ల బ్రాండు, వెనక సైట్ నాచ్ (గాడి) వెడల్పు ఏదీ మార్చకండి. ట్రిగ్గర్‌తో పాటు గ్రిప్ కూడా మార్పించినవాళ్లకు ఈ వ్యాసం పెద్దగా ఉపయోగపడదు. ఏది దేనివల్ల వచ్చిందో ఇక ఎవరూ చెప్పలేరు.

వేలికి తెలిసే రెండు సంగతులు

సెకండ్ స్టేజ్ గోడ దగ్గర ఆగాక, విడుదలకు ముందు బ్లేడ్ ఇంకా కాస్త జరుగుతుంటే దాన్ని క్రీప్ అంటారు. జరగడం కంటే గరగరమంటూ జరగడమే అసలు ఇబ్బంది. ఒకే తీరుగా నున్నగా కదిలే ట్రిగ్గర్‌ను కావాలని ఇష్టపడే మంచి షూటర్లు ఉన్నారు. విడుదలైన తర్వాత బ్లేడ్ వెనక్కి ఎంత పోతుందో అది ఓవర్‌ట్రావెల్. ఇది ఎక్కువైతే వేలు ఒక్కసారిగా ఖాళీలోకి పడి, ఆ ఊపు చేతికి తగులుతుంది. మరీ తగ్గించేస్తే విడుదలైన క్షణంలోనే వేలు స్టాప్‌కు కొట్టుకుంటుంది, ఇంకా తగ్గిస్తే అసలు విడుదలే కాదు.

ఈ రెండింటినీ కళ్లు మూసుకుని చూడాలి. ఖాళీ పిస్టల్‌ను రేంజ్ వైపు పెట్టి, గ్రిప్‌ను బల్ల మీద ఆనించి, కళ్లు మూసుకుని డ్రై మోడ్‌లో (పెల్లెట్ లేకుండా, గాలి విడుదల కాకుండా ట్రిగ్గర్ మాత్రమే పనిచేసే అమరికలో) మెల్లగా లాగండి. గోడ ఎక్కడ తగిలింది, తర్వాత ఎన్ని మెట్లుగా జరిగింది అని స్నేహితుడికి చెప్పి రాయించుకోండి. వీలైతే అతను సెట్టింగును ఒకసారి మార్చి, ఒకసారి మార్చకుండా, ఏది చేశాడో చెప్పకుండా ఇవ్వాలి. మీరు పదిలో ఎనిమిది తొమ్మిదిసార్లు తేడా పట్టగలిగితే ఆ తేడా నిజంగా ఉంది. ఐదారుసార్లే అయితే బొమ్మాబొరుసు వేసినా అంతే వస్తుంది.

డ్రై ఫైర్: సైట్ ఏం చేస్తోంది

ఇక్కడ కొంచెం లెక్క అవసరం. ముందు సైట్‌కూ వెనక సైట్‌కూ మధ్య దూరం దాదాపు 350 మి.మీ. అనుకుందాం. ముందు సైట్ నాచ్‌లో 0.2 మి.మీ. పక్కకు జరిగితే 10 మీటర్ల దగ్గర అది సుమారు 6 మి.మీ. అవుతుంది. పది రింగ్ వ్యాసం 11.5 మి.మీ. పెల్లెట్ అంచు గీతను తాకినా పదే ఇస్తారు కాబట్టి, పెల్లెట్ మధ్య భాగం టార్గెట్ కేంద్రం నుంచి 8 మి.మీ. లోపు ఉంటే పది. అంటే 0.2 మి.మీ. తప్పు పదిలోనే నిలబడుతుంది, 0.3 మి.మీ. తప్పు తొమ్మిదికి జారుతుంది. విడుదల క్షణంలో ముందు సైట్ వెంట్రుకవాసి కదలడం, కదలకపోవడం మధ్యే ఈ ఆటంతా నడుస్తోంది. ట్రిగ్గర్ చేయగల మేలు ఏదైనా ఉంటే అది కనపడేది ఇక్కడే.

తెల్లగోడ ముందు నిలబడండి. టార్గెట్ వద్దు. గురి ఉంటే దాన్ని వెంటాడతారు. డ్రై మోడ్‌లో ఇరవైసార్లు లాగండి. ప్రతిసారీ ముందు సైట్ విడుదల క్షణంలో కదలకుండా ఉందా, ఎటు కదిలింది అన్నది వెంటనే రాయండి. "కొంచెం" అనే మాటను పుస్తకంలోకి రానివ్వకండి. కదిలింది, లేదా కదల్లేదు, అంతే. పాత దానితో ఇరవై, కొత్త దానితో ఇరవై, వేర్వేరు రోజుల్లో నాలుగైదు విడతలు.

మీ కంటి మీద మీకే నమ్మకం లేకపోతే (లేకపోవడమే మంచిది) ఫోన్‌ను స్టాండ్ మీద గొట్టం మూతికి పక్కగా పెట్టండి. వెనక గళ్ల కాగితం అంటించండి. సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో తీస్తే ఒక్కో ఫ్రేము 4 మిల్లీసెకన్లు. ట్రిగ్గర్ విడుదలైన ఫ్రేము, దాని తర్వాతి రెండు మూడు ఫ్రేములు చూస్తే మూతి ఎటు వంగిందో కాగితం గళ్ల మీద కనపడుతుంది. పెల్లెట్ గొట్టం దాటేది కొన్ని మిల్లీసెకన్లలోనే కాబట్టి ఆ తర్వాత జరిగే ఊపును పట్టించుకోనక్కర్లేదు. రేంజ్‌లో కోచ్ దగ్గర స్కాట్ లాంటి ట్రైనర్ (గురి కదలికను స్క్రీన్ మీద గీతగా చూపే పరికరం) ఉంటే ఇంకా తేలిక. అందులో ఆఖరి పావు సెకను గీత మాత్రమే చూడండి. అంతకు ముందు గీత ఎంత పెద్దగా తిరిగినా అది చెయ్యి నిలకడ, ట్రిగ్గర్‌తో సంబంధం లేదు.

ఇసుక సంచి మీద గ్రూప్

దీన్ని అందరూ మొదట చేస్తారు. నిజానికి ఇది ట్రిగ్గర్ గురించి ఏమీ చెప్పదు. పిస్టల్‌ను సంచి మీద బాగా ఆనించి ఐదేసి పెల్లెట్లు కొడితే మంచి పిస్టల్‌కు పాత ట్రిగ్గర్‌తోనైనా కొత్త దానితోనైనా ఒకే చిరిగిన రంధ్రం రావాలి. అయినా ఎందుకు చేయాలంటే, ట్రిగ్గర్ మార్చాక గ్రూప్ పెద్దదైతే, బిగించేటప్పుడు ఇంకేదో కదిలిందని అర్థం. గొట్టం స్క్రూలు, సైట్ స్క్రూలు, సిలిండర్‌లో గాలి చూసుకోండి. గ్రూప్ చిన్నదైతే? అది ట్రిగ్గర్ గొప్పతనం అనుకోకండి. ఇంతకు ముందు ఏదో వదులుగా ఉండి ఇప్పుడు బిగిసి ఉంటుంది.

కాల్ చేయడం, అన్నిటికంటే మంచి పరీక్ష

నిలబడి నిజంగా కొట్టే వంతు ఇప్పుడు. ప్రతి షాట్ తర్వాత స్క్రీన్‌నో టార్గెట్‌నో చూడకముందే "తొమ్మిది, ఏడు గంటల వైపు" అని పైకి చెప్పాలి. స్నేహితుడు మీరు చెప్పింది ఒక వరుసలో, నిజంగా పడింది ఇంకో వరుసలో రాస్తాడు.

దీని బలం ఏమిటంటే, చెయ్యి వణికి బయటకు పోయిన షాట్‌ను మీరు ముందే సరిగ్గా చెప్పగలరు. అందులో ట్రిగ్గర్ తప్పు లేదు. మీరు గట్టిగా "పది" అని చెప్పాక కింద ఎడమ వైపు ఎనిమిది పడితే మాత్రం, సైట్లు చూస్తుండగా మీకు తెలియకుండా విడుదల క్షణంలో ఏదో జరిగింది. కుడిచేతివాళ్లకు ఏడు గంటల వైపు పడే షాట్లు చాలావరకు వేలు గుంజుకున్న షాట్లే. కొత్త ట్రిగ్గర్‌తో ఇలాంటి "చెప్పింది ఒకటి, పడింది ఒకటి" షాట్లు తగ్గాయా? నన్ను ఒక్క అంకె అడిగితే నేను చూసేది ఇదే. మొత్తం స్కోరు కాదు.

మధ్యమధ్యలో ఇంకో చిన్న ఉపాయం కలపండి. పిస్టల్ బల్ల మీదే, మూతి టార్గెట్ వైపే ఉండగా స్నేహితుడు ఒక్కోసారి పెల్లెట్ వేసి, ఒక్కోసారి డ్రై మోడ్‌లో పెట్టి పక్కకు జరుగుతాడు. మీకు ఏదో తెలియదు. మీరు నిండి ఉందనే అనుకుని కొట్టండి. పెల్లెట్ లేనప్పుడు మూతి కిందకు దిగిందా? దిగితే మీ వేలు ట్రిగ్గర్‌ను కాదు, శబ్దాన్ని ఎదురుచూస్తోంది. దానికి ఏ కంపెనీ అప్‌గ్రేడూ అమ్మదు.

స్కోరు ఎంత నమ్మాలి

మొదట్లో చెప్పిన 556, 562 సంగతికి లెక్క చెబుతాను. సగటున 555 కొట్టే షూటర్ ఒక్కో షాట్‌లో సగటు నుంచి ముప్పావు పాయింట్ అటూఇటూ పోతుంటాడనుకుందాం. అరవై షాట్లు కలిపితే ఆ ఊగిసలాట 60కి వర్గమూలం రెట్లు, అంటే దాదాపు ఆరు పాయింట్లు. ఏ మార్పూ లేకుండా, అదే పిస్టల్‌తో, అదే మనిషి మూడు పోటీల్లో రెండు 549 నుంచి 561 మధ్య కొడతాడు, మూడోది ఆ హద్దులు దాటుతుంది. రెండు పోటీల తేడా చూస్తే ఊగిసలాట ఎనిమిది పాయింట్లకు పెరుగుతుంది. ఇక ఆరు పాయింట్ల తేడా ఏం చెబుతుంది?

నిజంగా మూడు పాయింట్ల మెరుగుదల ఉందనుకోండి, అది ఎయిర్ పిస్టల్‌లో చిన్నదేమీ కాదు. పాత దానితో ఎనిమిది, కొత్త దానితో ఎనిమిది పూర్తి అరవైలు కొట్టి సగటులు పోల్చినా, ఆ మూడు పాయింట్లు ఊగిసలాటకు సమానంగానే ఉంటాయి. అందుకే స్కోరును ఆఖరి సాక్షిగా పిలవాలి, మొదటి సాక్షిగా కాదు. మొత్తం కంటే ఎనిమిదులు, అంతకంటే తక్కువవి ఎన్ని పడ్డాయో లెక్కపెట్టడం మేలు. ట్రిగ్గర్ బాగుంటే ముందు తగ్గేవి చెడ్డ షాట్లు. పదుల సంఖ్య తర్వాత పెరుగుతుంది.

ట్రిగ్గర్ యూనిట్ రెండు మూడు స్క్రూలతో ఊడి వచ్చే రకమైతే వరుసను పాత, కొత్త, కొత్త, పాత అని పెట్టుకోండి. ఎప్పుడూ పాతది ముందు, కొత్తది వెనక కొడితే మధ్యలో మీరు నేర్చుకున్నదంతా కొత్త ట్రిగ్గర్ ఖాతాలో పడుతుంది. ఊడదీయడం వీలుకాకపోతే మార్పుకు ముందు నెల, తర్వాత నెల పోల్చండి. అయితే బిగించిన మొదటి రెండు వారాల స్కోర్లు లెక్కలోంచి తీసేయండి. ఆ రోజుల్లో వేలు పాత అలవాటుతో తడబడుతుంది, లేదా కొత్తదన్న శ్రద్ధతో మామూలు కంటే బాగా కొడుతుంది. రెండూ నిలబడేవి కావు.

మన ఎండ, మన ఉప్పుగాలి

పోలిక చేసే రోజులు ఒకేలా ఉండాలి. రోహిణి కార్తెలో వడగాడ్పు రోజున మధ్యాహ్నం ఫ్యాన్ కింద కొట్టిన పాత ట్రిగ్గర్‌నూ, తుపాను వాన పడి చల్లబడ్డాక కొట్టిన కొత్త ట్రిగ్గర్‌నూ పోల్చకండి. చెమట పట్టిన వేలు బ్లేడ్ మీద జారుతుంది, ఆ జారుడును క్రీప్ అనుకుంటారు. పొద్దున్నే ఒకే వేళకు కొట్టడం మంచిది. కరెంటు పోయే అవకాశం ఉన్న వేళల్లో పెట్టుకుంటే టార్గెట్ మీద లైటు పోయి ఆ విడతంతా వృథా.

మైపాడు వైపో కొత్తపట్నం వైపో ఉండేవాళ్లకు సముద్రపు గాలి వల్ల తుప్పు బెడద ఎక్కువ. చీమకుర్తి చుట్టుపక్కల వాళ్లకు గ్రానైట్ దుమ్ము బాధ. పాత ట్రిగ్గర్ గరగరమనడానికి కారణం అరుగుదల కాక అందులో చేరిన దుమ్మే అయితే, మాన్యువల్‌లో చెప్పినట్టు శుభ్రం చేయించి, మళ్లీ బాటిల్ పరీక్ష పెట్టండి. వెడల్పు సగానికి తగ్గిపోతే అప్‌గ్రేడ్ ఆర్డర్ వాయిదా వేయొచ్చు. కుట్టుమిషన్ నూనె మాత్రం పోయకండి. పోసిన వారం బ్రహ్మాండంగా ఉంటుంది, ఆ తర్వాత అదే నూనె దుమ్మును పట్టి జిగురవుతుంది.

ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ అయితే

మోరిని 162ఈఐ, స్టెయిర్ ఎవో 10ఈ లాంటి వాటిలో గాలిని వదిలే పని ఎలక్ట్రానిక్ పద్ధతిలో జరుగుతుంది. బరువు పరీక్షలో వీటి వెడల్పు సాధారణంగా చాలా సన్నగా వస్తుంది. అదే వీటి అసలు లాభం. కానీ ఇక్కడ ఇంకో పరీక్ష కలపాలి, భరోసా పరీక్ష. బ్యాటరీ తగ్గుతున్నప్పుడు ఎలా ప్రవర్తిస్తోంది, స్విచ్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే వెంటనే సిద్ధమవుతోందా, ఉక్కపోత గదిలో గంటసేపు పెట్టినా అలాగే పనిచేస్తోందా అన్నది చూడాలి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ క్వాలిఫికేషన్ మధ్యలో మను భాకర్ పిస్టల్ మొరాయించి విలువైన నిమిషాలు పోయాయి. ఆమె 575 కొట్టి 12వ స్థానంలో ఆగిపోయారు. 2024 పారిస్‌లో అదే ఈవెంట్‌లో కాంస్యం గెలిచారు. 75 నిమిషాల్లో 60 షాట్లు కొట్టాల్సిన చోట, మొరాయించని మామూలు ట్రిగ్గర్‌కు కూడా మార్కులు వేయాలి. బ్యాటరీ కూడా ఒకటి అదనంగా పెట్టెలో ఉండాలి.

తీర్పు

పుస్తకంలో ఇప్పుడు నాలుగు వరుసలు ఉంటాయి: బాటిల్ వెడల్పు, డ్రై ఫైర్‌లో సైట్ కదిలిన సంఖ్య, కాల్ తప్పిన షాట్లు, ఎనిమిదులు. మొదటి మూడూ తగ్గితే ట్రిగ్గర్ బాగుపడింది. ఎనిమిదులు ఇంకా తగ్గకపోయినా సరే. అప్పుడు మీ తర్వాతి పని నిలబడే తీరు మీద, చెయ్యి నిలకడ మీద.

వెడల్పు తగ్గి మిగతావి మారకపోతే, కంపెనీ చెప్పింది నిజమే, కానీ మీకు అడ్డం పడుతున్నది ట్రిగ్గర్ కాదు. 540 లోపు కొట్టేవాళ్లలో ఎక్కువ మందికి ఇదే ఫలితం వస్తుందని నా అభిప్రాయం. ఆ డబ్బుతో పెల్లెట్లు కొనుక్కుని ఉంటే వాళ్లకు ఎక్కువ లాభం.

వెడల్పు పెరిగితే, లేదా మీరు 510 మీద పెట్టిన బరువు ఒక్క విడతలోనే 490కి జారితే, ఆలోచించాల్సింది లేదు. వారంటీ గడువు లోపలే వెనక్కి పంపండి. పంపేటప్పుడు "బాగాలేదు" అని రాయకండి. ఏ బరువు దగ్గర పదికి ఎన్నిసార్లు విడుదలైందో ఆ పట్టిక ఫొటో పెట్టండి. అంకెలున్న ఫిర్యాదును పక్కన పెట్టడం సర్వీసువాళ్లకు అంత తేలిక కాదు.

ఏ వరుసలోనూ తేడా లేదు కానీ వేలికి హాయిగా ఉందంటారా? ఉంచుకోండి, తప్పేమీ లేదు. పక్క కుర్రాడికి "వేయించుకో, ఆరు పాయింట్లు పెరుగుతాయి" అని మాత్రం చెప్పకండి. వాళ్ల నాన్న రెండెకరాల వరి మీద అప్పు తెచ్చి పిస్టల్ కొనిపెట్టి ఉండొచ్చు.

ఉంచుకుంటే ఒక డబ్బా పెల్లెట్లు, అంటే 500, అయ్యాక బాటిల్ పరీక్ష మళ్లీ పెట్టండి. కొత్త భాగాలు ఒరిపిడికి కుదురుకుంటాయి కాబట్టి బరువు కొంచెం మారొచ్చు. పోటీకి వెళ్లిన చోట ఎక్విప్‌మెంట్ కంట్రోల్ (పరికరాలను తనిఖీ చేసే చోటు) దగ్గర ముందుగానే వాళ్ల గుండుతో ఒకసారి చూపించుకోండి. పాత యూనిట్‌ను అమ్మేయకుండా, తేమ పీల్చే సిలికా పొట్లం వేసి డబ్బాలో దాచి, దాని సెట్టింగుల కాగితం కూడా అందులోనే పెట్టండి.